కరపత్రంలో కట్టిన వంతెన

1946లో దసరా వెళ్ళిన వారానికి నన్ను దివిసీమ నుంచి బెజవాడకు బదిలీ చేశారు. రోడ్లు, రేవులు, చిన్న వంతెనలు, మంచినీళ్ళ బావులు చూసుకునే ఒక స్థానిక బోర్డులో నేను ఓవర్సీయర్ని. ఏ బోర్డో చెప్పను. ఈ కథ జరిగిన ఊరి పేరు కూడా రాయను. అక్కడివాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు, నా పిల్లలూ ఉన్నారు. ఓవర్సీయరంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. పైన అసిస్టెంటు ఇంజనీరు, కింద మేస్త్రీ, నడుమ ఓవర్సీయరు. పని జరిగే చోట నిలబడి, టేపు పట్టి కొలిచి, ఆ కొలతలు పుస్తకంలో రాసి మొదటి సంతకం పెట్టేది అతనే. తక్కిన సంతకాలన్నీ దాన్ని చూసి పెట్టేవే. పెద్ద దొరలు పనిచోటికి రావడం ఏడాదికి ఒకసారి, అదీ నీడపట్టున కుర్చీ వేస్తేనే.

నా తెలుగు దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆఫీసులో పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

ఆ ఏడాదే ఎన్నికలు జరిగాయి. మా ప్రాంతం నుంచి మద్రాసు శాసనసభకు వెళ్ళినాయన వెంకటరత్నం గారు. ఉద్యమంలో రెండుసార్లు జైలుకు వెళ్ళివచ్చిన మనిషి. పొలం ఉన్నా మోటు ఖద్దరే కట్టేవారు, ఎవరు వచ్చినా చాప మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించేవారు. ఆయన్ని చెడ్డవాడనడానికి నాకు నోరు రాదు. ఈ సంగతి చదివి ఆయన్నే తిట్టుకుని ఊరుకుంటారేమోనని ముందుగా చెబుతున్నాను.

ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఓట్లేసిన జనానికి మూడు నెలలకోసారి లెక్క చెప్పాలి. రోడ్లు ఎంతవరకు బాగుపడ్డాయి, ఏ ఊరికి బస్సు వేయించారు, ఏ రేవులో మెట్లు కట్టించారు, కంట్రోలు బట్టల దుకాణం ఎక్కడ తెరిపించారు, శ్మశానానికి దారి ఏ ఊళ్ళో తేలింది — ఇవన్నీ నాలుగు పేజీల కరపత్రంగా అచ్చు వేయించి ఊరూరా పంచిపెట్టాలి. అప్పట్లో అలా చేసిన శాసనసభ్యుణ్ణి నేను మరొకర్ని చూడలేదు. బోర్డు పనుల వివరాలు రాసివ్వడానికి ఒక మనిషి కావాలని మా అసిస్టెంటు ఇంజనీరు గారిని అడిగారు. దస్తూరీ పుణ్యమా అని నన్ను చూపించారు.

“ఏవయ్యా ఓవర్సీయరూ, సొంత కవిత్వం వద్దు. మీ రిజిస్టరులో ఏముందో అదే రాయి. అప్పుడు రేపు నన్నెవరూ వేలెత్తి చూపరు,” అన్నారు మొదటి రోజునే.

అదే మాట పట్టుకున్నాను. మొదటి కరపత్రం సంక్రాంతికి ముందు వచ్చింది. “ఉయ్యూరు రోడ్డున గుంటలు పూడ్చబడినవి. మైలవరం బస్సు ఇకమీదట ఇబ్రహీంపట్నంలో ప్రయాణికులకొరకు పావుగంట ఆగును. బొగ్గు బస్సులకు మారుగా పెట్రోలు బస్సులు కోరబడినవి.” ఇలా ఉండేది భాష. ఇప్పుడు చదివితే నాకే నవ్వు వస్తుంది. కానీ జనం చదివారు. కాఫీ హోటళ్ళలో, మంగలి షాపుల్లో ఒకడు బిగ్గరగా చదువుతుంటే పదిమంది వినేవారు. పేరు వెంకటరత్నం గారిదైనా నా వాక్యాలు జనం నోట వింటుంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఇప్పుడు మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. ఇది తెలియకపోతే తరవాతి కథ తెలియదు.

ఏ పనికైనా మంజూరైన సొమ్ము మార్చి ముప్పై ఒకటో తేదీలోగా ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. తిరిగి మద్రాసుకు పోతుంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే మూడేళ్ళు తిరగాలి. కానీ డెల్టాలో కాలువ మీద కట్టడం ఏదైనా కట్టాలంటే కాలువలో నీళ్ళు ఉండకూడదు. నీళ్ళు కట్టేసేది ఏప్రిల్లో, వదిలేది జూన్లో. అంటే సొమ్ము చచ్చిపోయాక పని పుడుతుంది. ఈ పితలాటకం తప్పించుకోవడానికి మావాళ్ళు ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. కాలువ పనులన్నిటికీ మార్చి ఆఖరి వారంలో రిజిస్టరులో “పూర్తి” అని రాసేవారు. సామాను కంట్రాక్టరు దగ్గర ఉంచేవారు. ఏప్రిల్లో కాలువ కట్టేయగానే రాత్రింబవళ్ళు పనిచేయించి జూన్ లోపు నిజంగానే పూర్తి చేసేవారు. ఇందులో ఒక్క దమ్మిడీ ఎవరూ తినలేదు. అటెండరు నుంచి ఆడిటరు దాకా ఆఫీసులో అందరికీ తెలుసు: కాలువ పనికి ఎదురుగా మార్చిలో “పూర్తి” అని ఉంటే “ఈ ఎండాకాలంలో పూర్తవుతుంది” అని చదువుకోవాలి.

బయటివాళ్ళకు అది తెలియదు. వాళ్ళకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. అంత మొద్దుబారి ఉన్నాను.

ఉయ్యూరు దిగువన ఒక కాలువ అవతల నేతవాళ్ళ పేట ఉంది. అరవై, డెబ్బై మగ్గాలు ఉండేవేమో. ఇవతల గట్టున రోడ్డు, బస్సు, ఆస్పత్రి, సొసైటీ. అవతల గట్టున వాళ్ళు. యుద్ధం అయిపోయినా నూలుకి కంట్రోలు పోలేదు. వారానికి ఒక రోజు సొసైటీలో నూలు కోటా ఇచ్చేవారు. ఆ రోజు దాటి రాలేకపోతే వారమంతా మగ్గం ఖాళీ. దాటించేది పోతురాజు. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన బల్లకట్టు అతనిది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక మోకు కట్టి ఉండేది, దాన్ని చేతులతో లాగుకుంటూ దాటించేవాడు. సరుకు పడవ ఏదైనా కాలువ వెంట వస్తే మోకు వదులు చేసి నీళ్ళలోకి దింపి, పడవ దాటాక మళ్ళీ బిగించేవాడు. రేవు బోర్డుది. ప్రతి ఏడూ వేలంలో పాడుకుని నడుపుకోవాలి. పదకొండేళ్ళుగా ఆ పాట పోతురాజుదే. అతని తండ్రిదీ అదే పని.

అక్కడ వంతెన మంజూరైంది. యుద్ధంలో మిగిలిపోయిన ఇనుప దూలాలు దొరికాయి. రెండు గట్ల మీదా గోడలు లేపాం. కాలువ మధ్యలో స్తంభం ఒకటి కట్టి దాని మీద దూలాలు పరిస్తే వంతెన అయిపోతుంది. 1947 మార్చి ఆఖరున, మా ఆచారం ప్రకారం, పనుల రిజిస్టరులో ఆ వంతెనకు ఎదురుగా “పూర్తి” అని నేనే రాశాను. పక్కన అసిస్టెంటు ఇంజనీరు గారు సంతకం చేశారు.

అదే వారంలో ఉగాది కరపత్రం తయారు చేయాలి. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్క పనీ ఎక్కించాను. “నేత కార్మికుల చిరకాల వాంఛయగు వంతెన నిర్మాణము పూర్తి అయినది. ఇకమీదట బండ్లును, పాదచారులును నిరపాయముగా దాటవచ్చును.” రెండో వాక్యం రిజిస్టరులో లేదు. ఊపులో రాసేశాను. సొంత కవిత్వం వద్దని ఆయన ముందే చెప్పారు కదా!

కరపత్రం మా హెడ్డాఫీసుకీ వెళ్ళింది. అక్కడ రేవుల సెక్షను వేరు, ఇంజనీరింగు వేరు. రేవుల గుమాస్తా ఆ వారమే కొత్త ఏడాది వేలాల జాబితా వేస్తున్నాడు. వంతెన వచ్చిన చోట రేవు ఎత్తేయాలన్నది నియమం. మా ఫైలు చేరడానికి ఇంకా నెల పడుతుంది. అచ్చు కాగితం మాత్రం చేతిలో ఉంది. కరపత్రంలోని ఆ పేజీ కత్తిరించి ఫైల్లో అంటించి, జాబితాలోంచి పోతురాజు రేవు కొట్టేశాడు. అతన్నీ అనలేను. శాసనసభ్యుడు అచ్చు వేయించి పంచిన మాట కంటే రుజువు ఏం కావాలి?

ఏప్రిల్లో కాలువ కట్టేశారు. మోకాలిలోతు బురదలో జనం నడిచే దాటుతున్నారు కాబట్టి రేవు పోయిందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. ఏటా ఆ రెండు నెలలూ పోతురాజు బల్లకట్టును గట్టెక్కించి తారు పూసుకుంటూ ఉంటాడు. ఆ ఏడూ పూసుకున్నాడు. మాకు కావలసింది సిమెంటు. సిమెంటుకి పర్మిట్టు కావాలి. పర్మిట్టు ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అంటూ మే నెల గడిచింది. నడిమి స్తంభానికి గొయ్యి తవ్వి రాళ్ళు పేర్చుకుని కూర్చున్నాం. జూన్లో పై నుంచి నీళ్ళు వదిలారు. గొయ్యి నిండింది. రెండు గోడలూ రెండు గట్ల మీద ఎదురెదురుగా మిగిలాయి.

ఆ నెలలోనే పేట పెద్ద చెన్నమల్లయ్య గారు నా ఆఫీసుకు వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్లటి పంచె, భుజాన తను నేసుకున్న కండువా. నాలుగు మడతలు పెట్టిన కరపత్రం తీసి నా బల్ల మీద పరిచారు.

“అయ్యా, ఇది తమ రాతేనంట గదా?”

అవునన్నాను.

“రెండుసార్లు చదివానండీ. చత్వారం వచ్చింది గదా, తప్పు చదివానేమోనని మా కోడలి చేత కూడా చదివించాను. చదివాక మళ్ళీ ఎళ్ళి చూసొచ్చాను. ఇటో గోడుంది, అటో గోడుంది. నడుమ నీళ్ళున్నాయి. మరి ‘నిరపాయముగా’ అంటే ఏంటండీ? మాకు తెలిసిన అర్థం ఏదైనా మారిందా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నేనూ గొంతు పెంచి తప్పించుకునేవాణ్ణి. రేవు పాట రద్దయిందని, పోతురాజుకు ఈ ఏడు కాగితం లేదని అప్పుడే ఆయన నోటే తెలిసింది. కాగితం లేకపోయినా తామే బతిమాలి దాటించమంటున్నామని, అతను దాటిస్తున్నాడని కూడా చెప్పారు. “కాగితం సంగతి ఆడికేం పట్టదండీ. మేం ఆగిపోతే ఆడు చూళ్ళేడు,” అన్నారు.

ఆ సాయంత్రమే అసిస్టెంటు ఇంజనీరు గారికి చెప్పాను. రేవు పాట మళ్ళీ పెట్టమని ఒక నోటు కూడా రాసి తీసుకెళ్ళాను. ఆయన చదివి, మడిచి, నాకే తిరిగిచ్చారు. రేవు మళ్ళీ కావాలంటే వంతెన లేదని రాయాలి; వంతెన లేదని రాస్తే మార్చిలో “పూర్తి” అని రాసింది మనమే; అది ఆడిటుకు పోతే మన ఇద్దరి ఉద్యోగాలే కాదు, ఈ జిల్లాలో ఇరవై కాలువ పనులు బయటపడతాయి — ఇదీ ఆయన చెప్పింది. అందులో ఒక్క మాటా అబద్ధం లేదు.

వెంకటరత్నం గారి దగ్గరికి వెళ్ళాను. రాబోయే కరపత్రానికి సవరణ ఒకటి రాసి పట్టుకెళ్ళాను: “గత పత్రికలో ప్రకటించిన వంతెన పని ఇంకను పూర్తి కాలేదు. పొరపాటుకు చింతిస్తున్నాము.” ఆయన మొహం పాలిపోయింది. నిజంగానే ఆయనకు అప్పటిదాకా తెలియదు.

“చంపావు గదయ్యా! రిజిస్టరు చూసే రాశానన్నావే?”

“రిజిస్టరు చూసే రాశానండి.”

మా ఆచారం విప్పి చెప్పాను. విని చాలాసేపు వరండాలో పచార్లు చేశారు. చివరికి నా కాగితం తీసుకుని ఆ రెండు వాక్యాలూ కొట్టేశారు. ఆయన లెక్క ఆయనది. ఈ మాట అచ్చులో పడితే మద్రాసులో అడుగుతారు, సొమ్ము వెనక్కి పట్టుకుపోతారు, ఇక ఆ పేటకు తన జీవితకాలంలో వంతెన రాదు. నోరు మూసుకుని ఒక్క ఏడాది గడిపితే వచ్చే ఎండాకాలానికి వంతెన లేస్తుంది. “ఒక్క ఏడాది ఓర్చుకోమను వాళ్ళని. పడవవాడు ఎలాగూ దాటిస్తున్నాడంటున్నావు గదా,” అన్నారు.

సరేనన్నాను. ఆ సరే అనడం ఎంత తేలికగా వచ్చిందో!

ఆగస్టులో జెండాలు ఎగరేసిన పది రోజులకు, వచ్చే ఎండాకాలం పనికి కొలతలు సరిచూసుకోవడానికి పేటకు వెళ్ళాను. అవతలి గోడ కొలవాలి. ఇవతలి గట్టున నిలబడి ఉంటే పోతురాజు అటునుంచి బల్లకట్టు తెచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మోకు లాగి లాగి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. నన్ను, నా సైకిలును ఎక్కించుకున్నాడు. అవతల దిగాక చిల్లర తీయబోతే వద్దన్నాడు.

“బోర్డోరి దగ్గర తీసుకోగూడదండీ. పాట షరతుల్లో ఉంది గదా.”

అతనికిప్పుడు పాట లేదు. షరతు మాత్రం పాటిస్తున్నాడు. ఆ మాట నేనన్నాను కూడా. “ఈ ఏడు నీకు కాగితం లేదు కదయ్యా, ఎవరైనా గొడవ చేస్తే?” అని. నవ్వాడు. “తమరున్నారు గదండీ. చూస్తూనే ఉన్నారు గదా వంతెన యాడుందో,” అన్నాడు. కొలతలు తీసుకుని మళ్ళీ అతని బల్లకట్టు మీదే వెనక్కి వచ్చాను.

గొడవ చేసింది దిగువ రేవు పాటదారు. రెండు మైళ్ళ కింద రేవు అతనిది. పై రేవు ఎత్తేశారని విని, ఆ జనం కూడా తన రేవుకే వస్తారన్న ఆశతో వేలంలో ఎక్కువ పాడాడు. జనం రాలేదు. వానాకాలంలో కాలువగట్టు వెంట రెండు మైళ్ళు నల్లరేగడి బురదలో నూలు మూటలు మోసుకుని ఎవరు వస్తారు? లైసెన్సు లేని బల్లకట్టు వల్ల నష్టపోతున్నానని బోర్డుకు ఫిర్యాదు పెట్టాడు. న్యాయమైన ఫిర్యాదే. రేవుల సెక్షను వాళ్ళు ఫైలు తీశారు. వంతెన ఉంది, రేవు లేదు, లైసెన్సు లేదు. పోతురాజు మీద కేసు పెట్టారు. పోలీసులు వచ్చి బల్లకట్టును గట్టెక్కించి సీలు వేశారు.

సాక్షిగా నాకు సమను వచ్చింది. పనుల రిజిస్టరు పట్టుకుని రమ్మని. హాజరయ్యే ముందు రోజు అసిస్టెంటు ఇంజనీరు గారు పిలిచి ఒకటే చెప్పారు: అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు, అదీ రిజిస్టరు చూసి చెప్పు. వెంకటరత్నం గారు కబురు పంపారు: పడవవాడికి మహా అయితే చిన్న జరిమానా పడుతుంది, అది తను కడతానని. ఇద్దరూ ధైర్యం చెప్పారు. నేనూ చెప్పుకున్నాను. ఇంట్లో నలుగురు పిల్లలు, తొమ్మిదేళ్ళ సర్వీసు, అన్నీ గుర్తు చేసుకున్నాను. మనసు ఎప్పుడూ మనవైపే వాదిస్తుంది, దానికి ఫీజు కూడా ఇవ్వక్కర్లేదు.

మేజిస్ట్రేటు కోర్టు అది. పేటలో మగ్గాలన్నీ ఆపుకుని జనం వచ్చారు. దిగువ రేవు మీదుగా తెల్లవారుజామునే బయలుదేరి ఉంటారు, మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది. పోతురాజుకు వకీలు లేడు. పెట్టుకోమంటే, “ఉన్నదేదో కళ్ళెదురుగా ఉంటే వకీలెందుకండీ” అన్నాడట.

చెన్నమల్లయ్య గారు లేచి, వంతెన లేదని, కావాలంటే దొరవారు ఒక్కసారి వచ్చి చూడమని మొరపెట్టుకున్నారు. ఆ బల్లకట్టు ఎక్కేది వీళ్ళే కాబట్టి వీళ్ళ మాటకు విలువ లేదని బోర్డు వకీలు అన్నాడు. స్వతంత్రమైన సాక్ష్యం కావాలన్నాడు. ఆ స్వతంత్రమైన సాక్షిని నేను.

బోనెక్కాను. ఆ స్థలంలో వంతెన నిర్మాణం పూర్తయిందా అని అడిగారు. రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపి, “రికార్డు ప్రకారం పూర్తయిందండి” అన్నాను. ఆ రాత ఎవరిదన్నారు. నాదేనన్నాను. వెనక పేట జనంలో గుసగుస మొదలైంది. ఎవరో ఆడమనిషి “అయ్యో అయ్యో” అంది. బంట్రోతు సైలెన్సు అని అరిచాడు.

సాక్షిని ఏమైనా అడుగుతావా అని మేజిస్ట్రేటు గారు పోతురాజును అడిగారు. అతను నావైపు తిరిగాడు. కోపంగా లేడు. నాకు సాయం చేస్తున్నట్టే, మరిచిపోయినదాన్ని గుర్తు చేస్తున్నట్టే అడిగాడు.

“అయ్యా, మొన్న జెండాలయ్యాక తమరు మా పేటకి వచ్చారు గదండీ. ఎట్టా దాటారు?”

కోర్టు మొత్తం నా వంక చూసింది. ఒక్క మాట చాలు. “ఇతని బల్లకట్టు మీద” అంటే చాలు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. మేజిస్ట్రేటు గారు కూడా కలం ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. అసిస్టెంటు ఇంజనీరు గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

“ఉద్యోగ బాధ్యతల మీద వెళ్ళానండి,” అన్నాను.

అది జవాబు కాదని కోర్టులో ఉన్న కాకికి కూడా తెలుసు. బోర్డు వకీలు వెంటనే లేచి ఈ ప్రశ్నకు కేసుతో సంబంధం లేదన్నాడు. మేజిస్ట్రేటు గారు కాసేపు నన్నే చూసి, కలం దించారు. పోతురాజు ఇంకేమీ అడగలేదు. నన్ను చూడటం కూడా మానేశాడు.

జరిమానా వేశారు, కట్టకపోతే నెల రోజుల ఖైదు. బల్లకట్టు జప్తు. వెంకటరత్నం గారు పంపిన మనిషి డబ్బుతో ముందుకొచ్చాడు. పేటవాళ్ళు అప్పటికే కండువాలో చందా పోగుచేస్తున్నారు. పోతురాజు ఇద్దర్నీ వద్దన్నాడు. “కట్టనండీ. కడితే అక్కడ వంతెన ఉన్నట్టే గదా. నేను ఒప్పుకున్నట్టే గదా,” అన్నాడు. చెన్నమల్లయ్య గారు చేతులు పట్టుకుని బతిమాలారు. వినలేదు. పోలీసుతో నడిచి వెళ్ళిపోయాడు. నెల రోజులూ లోపలే ఉన్నాడు.

ఆ ఏడంతా పేటవాళ్ళు బురదలో రెండు మైళ్ళు నడిచి దిగువ రేవు మీద దాటారు. కోటా రోజున అందుకోలేక చాలా మగ్గాలు ఆగాయని తరవాత విన్నాను. కొన్ని కుటుంబాలు మగ్గాలు ఎత్తుకుని గుంటూరు వైపు వెళ్ళిపోయాయి. వాన తగిలి కుళ్ళిపోయిన బల్లకట్టును వంటచెరుకు కింద వేలం వేశారు.

తరవాతి ఎండాకాలం సిమెంటు వచ్చింది. నడిమి స్తంభం లేచింది, దూలాలు పరిచాం, నలభై రోజుల్లో వంతెన అయిపోయింది. మంచి వంతెన. ఇప్పటికీ ఉంది. పని నాణ్యత గురించి నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రారంభోత్సవం జరగలేదు. పుస్తకంలో ఏడాది క్రితమే పూర్తయినదానికి ఇప్పుడు ఎవరు రిబ్బను కోస్తారు? ఆ మూడు నెలల కరపత్రానికి విషయాలు రాసుకుంటూ వెంకటరత్నం గారు, “ఈ వంతెన సంగతి ఎట్లా రాద్దామయ్యా?” అని అడిగారు.

“రాసేశామండి. కిందటేడే,” అన్నాను. మరో రెండు కరపత్రాలు వచ్చి ఆగిపోయాయి. ఆగిపోవడానికి కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు, నేను అడగలేదు.

పోతురాజును ఆ తరవాత ఒక్కసారే చూశాను. ఉయ్యూరులో చెరుకు బళ్ళ వరసలో, ఎవరిదో బండి దగ్గర కూలికి మోపులు దించుతున్నాడు. మొహం చెల్లక పక్కకు తిరిగాను. అతనే వచ్చాడు. పిల్లలు బాగున్నారా అని అడిగాడు. బాగున్నారన్నాను. పేటకి వెళ్తుంటావా అని నేనడిగాను. “ఎందుకెళ్ళనండీ, మావోళ్ళందరూ ఆడే గదా. వంతెన మీద మాత్రం ఎక్కను. ఎండాకాలం కాలువలో దిగి దాటతా, వానాకాలం దిగువ రేవుకి పోతా,” అన్నాడు. మోపు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పోతురాజును ఆయన అనాలో, అతను అనాలో నాకు ఈ వయసులో అనుమానం వస్తోంది. అప్పుడు మాత్రం నువ్వు అనే పిలిచాను.

ఆ తరవాత ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేసి, అసిస్టెంటు ఇంజనీరుగానే రిటైరయ్యాను. నా కింద పనిచేసిన ఓవర్సీయర్లను కాలువ పనులకు మార్చిలో “పూర్తి” అని రాయనివ్వలేదు. దాని వల్ల రెండు వంతెనల సొమ్ము మురిగిపోయింది, ఆ ఊళ్ళవాళ్ళు నన్ను దుమ్మెత్తిపోశారు. వాళ్ళ కోపంలోనూ న్యాయముంది.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇది. ఒక కాగితాన్ని ఇంకో కాగితంతో సరిచూడటానికి ప్రభుత్వంలో ఎంతోమంది ఉంటారు. కాగితాన్ని చోటుతో సరిచూడవలసినవాడు ఓవర్సీయరు ఒక్కడే. అతనికి జీతం ఇచ్చేది అందుకే. ఆ కేసులో గుమాస్తా చోటు చూడలేదు, వకీలు చూడలేదు, మేజిస్ట్రేటు చూడలేదు. నేను వెళ్ళాను, చూశాను. జైలుకు పోయినవాడే నన్ను డబ్బు తీసుకోకుండా దాటించి ఆ చోటు చూపించాడు.